ఎవరి పాట వాళ్ల ముందే

మా షెడ్డు మావ పోయాడు. మొన్న శనివారం పొద్దున్న, టీ గ్లాసు చేతిలో ఉండగానే గుండె ఆగిందట. శవం ఇంకా ఇంట్లోనే ఉంది, ఒక చానల్ నుంచి నాకు ఫోన్. "వైజాగ్ అండర్‌గ్రౌండ్ మ్యూజిక్‌కి పెద్దదిక్కు కదా, కాస్త ఎమోషనల్‌గా రెండు నిమిషాలు మాట్లాడతారా?" ఫోన్ పెట్టేశాను. వాళ్లకి చెప్పను. మీకు చెబుతాను.

కూర్మన్నపాలెంలో ఆయనది వెల్డింగ్ షెడ్డు. ఆదివారం పని ఉండదు కాబట్టి సాయంత్రాలు మాకు వదిలేసేవాడు. స్టీల్ ప్లాంటులో నాలాంటి కాంట్రాక్టు కూలీలం, ఒకటి రెండు గిటార్లు, ఖాళీ డ్రమ్ములు, గొంతు చించుకునే ర్యాప్. మావకి పాడటం రాదు, వాయించడం రాదు. ఆయన పెట్టిన కట్టుబాటు మాత్రం ఒకటుంది.

"ఎవుడి మీద పాట కట్టినావో ముందు ఆడి ముందర పాడాల. ఆడు సివర్దాకా కూకుంటే అది పాట. లేపోతే ఉత్త సౌండు."

నేను మా సూపర్‌వైజర్‌ని తిడుతూ పాట కడితే, మావ ఆయన్నే బండెక్కించుకుని తీసుకొచ్చాడు. ఆయన ముందే పాడాను. ఆయన అంతా విని, "రెండో సరణం సప్పగుందిరా. నాను అంతకంటే ఎదవని," అన్నాడు. షెడ్డంతా నవ్వులు. తిరగరాశాను. నిజంగానే బాగా వచ్చింది.

తర్వాత మా వీడియో ఒకటి ఫోన్లలో తిరిగింది. లైట్లు మోసుకుని టీవీ వాళ్లు దిగారు. పోర్టులో లోడింగ్ చేసే మా బావ అప్పుడే ఒక పాట కట్టాడు, చేపల వేటకెళ్లి తిరిగిరాని భీమిలి కుర్రాడి మీద. వాడి తల్లికి ఇంకా వినిపించలేదు. టీవీ డైరెక్టర్ దాన్ని పట్టుకున్నాడు. "ఫీల్ బాగుంది బాస్. ఏడుపు తీసేసి డాన్స్ బీట్ వేద్దాం." మావాళ్లలో సగం మంది తలూపారు. టీవీ అంటే మాటలా! ఈ ఒక్క పాట వాళ్లకిచ్చేస్తే ఇక షెడ్డులో మాదంటూ ఏదీ మిగలదని నాకు మండిపోయింది. కొట్టడానికే లేచాను.

మావ నా భుజం నొక్కాడు. "కూకోరా. ఆల్ల పాట ఆల్లని సేసుకోనీ. మన పద్దతి తప్పకూడదు, అంతే."

మరుసటి ఆదివారం డైరెక్టర్ లాప్‌టాప్‌లో ట్రాకు చేసుకొచ్చాడు. మావ వెళ్లి బస్సులో ఆ తల్లిని తీసుకొచ్చాడు. స్టూలు మీద కూర్చోబెట్టి, "ఈవిడ కొడుకు మీదే బాబూ పాట. ఈవిడికి ఇనిపించండి. తరవాత మీ ఇష్టం," అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు, కోపం లేదు.

ఆమె కొంగు సర్దుకుంది. "కానీండి బాబూ. మావోడి పాటంట గదా."

డైరెక్టర్ వేలు మీట మీదే ఆగిపోయింది. నొక్కలేకపోయాడు. లాప్‌టాప్ మూసేసి, "సారీ అమ్మా," అన్నాడు. కెమెరా కింద పెట్టించాడు. నేను ఫర్నేస్ దగ్గర పనిచేస్తాను, ఇనుము నీళ్లవడం రోజూ చూస్తాను. ఆ నిమిషం మనిషి కరగడం చూశాను.

అప్పుడు బావ తన పాట ఉన్నది ఉన్నట్టు పాడాడు. ఆమె చివరిదాకా కూర్చుంది.

"బాగుంది నాయినా. మరి మావోడి ఈల ఏదిరా? ఒడ్డుకొత్తన్నప్పుడు ఈలేసేవోడు. నానే నేర్పినాను."

బావ ఈల వేసి చూపించాడు. "అలగ కాదు," అని, నోట్లో రెండు వేళ్లు పెట్టుకుని ఆమే వేసింది.

రేకులు అదిరాయి. ఆ ఈల ఏ వీడియోలోనూ లేదు. సుత్తి మోతలకి చెవులు సగం పోయిన మావ, గోడ రేకుకి అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఈల ఆగిపోయాక కూడా చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు.