బ్రెజిల్ గొంగళిపురుగు

నిన్న కిరాణా కొట్లో ఎవరో బీడీ కట్ట విప్పారు. బీడీలు చుట్టే తునికాకు వాసన తగలగానే నా ముంజేయి దురద పెట్టింది.

ఏడో తరగతి ఎండాకాలం సెలవులు. టేకులపల్లి అడవిలో అమ్మతో తునికాకు కోస్తుంటే గొంగళిపురుగు తాకి చేయంతా దద్దుర్లు లేచాయి. అమ్మ గొంగడితో రుద్ది వెంట్రుకలు తీసినా మంట తగ్గలేదు. మర్నాడు కొత్తగూడెంలో నాన్న విత్తనాలు కొనొచ్చేదాకా నన్ను నెట్ సెంటర్‌లో కూర్చోబెట్టాడు. సైన్సు పాఠంలో నేర్చుకున్న ఇంగ్లీషు పేరు కొట్టి ఆ పురుగు కోసం వెతికాను. తెర మీద అచ్చం అదే పురుగు! కింద రాసినదాంట్లో నాకు అర్థమైన మాట ఒక్కటే: డెత్.

నాన్న వస్తే కనబడకూడదని చేతిని చున్నీలో చుట్టుకున్నాను. నేను పోతే మేకపిల్లకు పాలెవరు పడతారని తలుచుకోగానే ఏడుపు ఆగలేదు.

సెంటర్ నడిపే చాచా దగ్గరికొచ్చాడు. "ఏంది బిడ్డా, గట్ల ఏడుస్తున్నవ్?"

"నేను చచ్చిపోతున్న చాచా."

ఆయన నవ్వలేదు. నా చేయి చూసి, తెర చూశాడు.

"బొమ్మ చూసి ఆగిపోయినవ్. కిందిదాకా చదువు. గిది బ్రెజిల్ పురుగట. ఎవలు రాసిండ్రో చూడు, ఇంకో రెండు జాగాల ఏమున్నదో చూడు. అప్పుడు ఏడువు."

చాచా అర్థం చెబుతుంటే అన్నీ చూశాను; మన దగ్గరి పురుగుతో దురద, దద్దుర్లే తప్ప చావు లేదట. అయినా ఇంటికి చేరేదాకా బస్సులో చేయే చూసుకుంటూ కూర్చున్నాను.

ఇప్పుడు నా కూతురు ఫోన్ చూసి బెదిరినప్పుడల్లా ఆ మాటలే చెబుతాను. ఆ రోజు తెర అబద్ధం చెప్పలేదు. అది చెప్పింది నా పురుగు గురించి కాదు, అంతే.