కోడికాలుతో డైనోసార్‌ను కొలిచిన మాస్టారు

మా డ్రాయింగు మాస్టారు పోయిన సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. పాత విద్యార్థుల గ్రూపులో, ఎవరిదో గృహప్రవేశం ఫొటోలకూ ఇంకెవరో పంపిన శుభోదయానికీ మధ్య ‘మన డ్రాయింగ్ సార్ ఇక లేరు’ అని ఒక్క ముక్క. దాని కింద వరసగా దండాలు. ఒకడు దండంతో పాటు కళ్ళు తిప్పే డైనోసార్ స్టిక్కరు కూడా పెట్టాడు. వాడి ఉద్దేశం మంచిదే అయ్యుంటుంది. నాకు మాత్రం ఫోను గోడకేసి కొట్టాలనిపించింది.

గురజాల నుంచి బస్సెక్కి నరసరావుపేట చేరేసరికి మాస్టారి వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టేసి ఉంది. ఒకపక్క కళ్ళజోడుతో ఆయన ఫొటో, రెండోపక్క నోరు తెరిచి అరుస్తున్న డైనోసార్. దాని తోక నేలమీద ఈడుస్తోంది. అరచేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి. ఫ్లెక్సీ కట్టించినవాడు నా క్లాసువాడే. అక్కడే కుర్చీలు సర్దుతున్నాడు.

“ఎవర్రా ఈ బొమ్మ పెట్టింది?” అన్నాను.

“నేనే. సారుకి ఇష్టం గదా అని. గూగుల్లో కొడితే మొదట వచ్చింది పెట్టించా. ఏమే, బాలేదా?”

“తోక గాల్లో ఉండాల గదా, నేలమీద ఈడుస్తదా? ఆ చేతులేంది? ఆయనుంటే నిన్ను బెంచీ ఎక్కించేవాడు.”

“మనిషి పోయి ఇంట్లో ఏడుస్తంటే నువ్వు తోక గురించి పోట్లాడతావేందే? పద, లోపలికి పద.”

లోపలికి వెళ్ళాను. కానీ ఆ మనిషి ముప్ఫై ఏళ్ళు పోట్లాడింది ఆ తోక గురించేనని వాడికి తెలియదా? వాడూ నాతోపాటు అదే బెంచీ మీద కూర్చుని విన్నాడు కదా. ఈ నాలుగు ముక్కలు రాయమన్న పాత విద్యార్థుల గ్రూపువాళ్ళు మాస్టారి గురించి మంచి మాటలు రాయమన్నారు. రాస్తాను. కోపం తగ్గాక రాద్దామని ఆగి చూశాను గానీ అది తగ్గేట్టు లేదు, అందుకని కోపంతోనే రాస్తున్నాను.

మేం ఈపూరు దగ్గర హైస్కూల్లో చదివేటప్పుడు ఆయన మాకు డ్రాయింగు చెప్పేవారు. డ్రాయింగు పీరియడంటే అందరికీ అలుసు. లెక్కల మాస్టారు సిలబస్ కాలేదంటూ లాగేసుకునేవాడు. మిగిలిన పీరియడ్లలో మా మాస్టారు మామిడిపండు గీయించేవారు కాదు. కోడిని గీయించేవారు. గేటు బయట తిరిగే కోడిని చూపించి, “మోకాలు యాడుంది చెప్పండి” అనేవారు. మేమంతా వెనక్కి వంగిన కీలు చూపించేవాళ్ళం. “అది మడమ. మోకాలు ఈకల్లో దాక్కోనుంది. కళ్ళతో చూడండర్రా, అలవాటుతో చూడమాకండి.”

డైనోసార్ బొమ్మల గొడవ మేం ఆ బళ్ళో చేరకముందే కోటప్పకొండ తిరునాళ్ళలో మొదలైందట. చిన్నపిల్లకెవరికో కొనిపెడదామని ఒక ప్లాస్టిక్ బొమ్మ తీసుకున్నారు. కాళ్ళు బల్లికాళ్ళలా పక్కలకి చాచి ఉన్నాయి. ఆ బరువుకి ఆ కాళ్ళయితే పొట్ట నేలకానుతుంది, అదెట్లా నడుస్తుందని అంగడివాడిని అడిగారట. అంగడివాడు, “నడవదండీ, కీ ఇచ్చేది వేరే ఉంది, పాతిక రూపాయలు” అన్నాడు. ఈ మాట చెప్పి ఆయన ఎన్నిసార్లు నవ్వారో లెక్కలేదు. ఆ తప్పుబొమ్మను ఇంటికి తెచ్చి, దాని తప్పేమిటో చీటీ రాసి, పాదాల కింద అంటించారు. అదే మొదటిది. రిటైరయ్యాక ఆన్‌లైన్లో కొత్తగా వచ్చిన బొమ్మ ప్రతిదీ తెప్పించడం మొదలుపెట్టారు. ముందు గదిలో మూడు గోడలకీ అరలు లేచాయి.

పార్సిల్ విప్పడం ఒక తతంగం. నాటుకోడి కూర తిన్న ఒక ఆదివారం ఆయన ఆ కాలి ఎముకలన్నీ కడిగి, ఎండబెట్టి, సన్న తీగతో మళ్ళీ కీలుకు కీలు కట్టి ఉంచుకున్నారు. బొమ్మ బయటికి రాగానే దాని మొహం చూసేవారు కాదు. బోర్లా తిప్పి, నడుమూ కాళ్ళూ చూసి, ఆ కోడికాలు పక్కన పెట్టి కీళ్ళు సరిపోల్చేవారు. “మొహం చూసి మోసపోమాక అమ్మాయ్. బొమ్మ చేసేవాడు పళ్ళమీద పెట్టిన శ్రద్ధ పాదాల మీద పెట్టడు.” తర్వాత చేతులు. రెండుకాళ్ళ మీద నడిచే మాంసాహారి అరచేతులు ఎదురెదురుగా ఉండాలి. “చప్పట్లు కొట్టేట్టుండాల గానీ పిడకలు తట్టేట్టు గాదు.” చివరికి సిరా కలంతో, ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీ రాసేవారు. పైన ‘ఒప్పు’ అనో ‘తప్పు’ అనో ‘దిద్దవచ్చు’ అనో. దాని కింద రెండు వాక్యాల్లో కారణం.

దిద్దవచ్చు అన్నవాటిని ఆయనే దిద్దేవారు. వెలాసిరాప్టర్ అనేది నిజానికి టర్కీకోడి అంత జంతువు, ఒంటినిండా ఈకలు. బొమ్మలవాళ్ళు దాన్ని బోడి తోలుతో చేసి అమ్ముతారు. మాస్టారు కోడి ఈకలు చిన్నగా కత్తిరించి, జిగురుతో వరసలు వరసలుగా అంటించారు. టైరనోసార్‌కి పళ్ళు బయటికి కనపడకుండా మైనంతో పెదాలు పెట్టారు. పోస్టర్ రంగులతో కళ్ళచుట్టూ ముడతలు వేశారు. చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. ‘ముసలితనంలో బొమ్మలాట’ అని బంధువులు ఆయన ముందే అనేవాళ్ళు. వాళ్ళకు టీ ఇప్పించి పంపేవారు. ఆయనకి బదులుగా నాకు మండేది.

ఆయనకి కోపం రాదని కాదు. వచ్చేది, తప్పు తనదైతే ఇంకా ఎక్కువ వచ్చేది. ఒకసారి నేను మా స్కూల్లో తొమ్మిదో తరగతికి బయాలజీ పాఠం చెబుతుండగా వరసగా మూడుసార్లు ఫోను మోగింది. ఏం కొంప మునిగిందోనని వరండాలోకి వచ్చి ఎత్తాను. “స్పైనోసార్ తోక గురించి నీకు తప్పు చెప్పానమ్మాయ్. సన్నగా ఉంటదని చెప్పా. కాదంట. తెడ్డులాగా వెడల్పుగా ఉంటదంట, కొత్తగా ఎముకలు దొరికినయ్యంట. నువ్వు పిల్లలకి చెప్పుంటావే. ఇప్పుడే పోయి మార్చు.” నేను పిల్లలకి అసలు స్పైనోసార్ గురించే చెప్పలేదు. ఆ సంగతి ఆయనతో అనలేక “సరే మాస్టారూ” అన్నాను. తర్వాత వెళ్ళి చూస్తే చీటీలో ‘ఒప్పు’ కొట్టేసి ‘తప్పు’ అని ఉంది. దాని పక్కన ‘నాది కూడా’ అని రాసుకున్నారు.

ఇక నేను చేసిన పని.

మూడేళ్ళ కిందట ఆయన నన్ను ఇంటికి పిలిపించారు. “నా దగ్గర చదివినోళ్ళలో బయాలజీ చెప్పేది నువ్వొక్కదానివే. నేను పోతే వీటిని ఆటబొమ్మలని తలా ఒకటి పంచేస్తారు. మీ స్కూలు లాబ్‌లో ఒక అద్దాల బీరువా పెట్టించు. చీటీలతో సహా ఒక్కచోట ఉండాల. ఒప్పులొక్కటే పెట్టమాక, తప్పులూ పెట్టు. పక్కన తప్పు ఉంటేనే పిల్లోడికి ఒప్పు కనపడుద్ది.” బీరువా డబ్బులు కూడా తానే ఇస్తానన్నారు. నేను చేయాల్సిందల్లా మా హెడ్మాస్టరును ఒప్పించడం.

అడిగాను. హెడ్మాస్టరు కుర్చీలో వెనక్కి వాలి, “బొమ్మలా? అవి ఎల్‌కేజీ వాళ్ళకి పెడతారు మేడమ్, హైస్కూలుకి కాదు” అని నవ్వాడు. స్టాఫ్ రూములో ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ ముక్క రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. కాదండీ, మీకు తెలియదు, ఒక్కసారి వచ్చి చూడండి అని ఒక్క మాట అనలేదు. వాళ్ళతో కలిసి నవ్వి, టీ తాగి, పీరియడుకి వెళ్ళిపోయాను.

మాస్టారితో “చూద్దాం మాస్టారూ, కొత్త హెడ్మాస్టరు వస్తే అడుగుదాం” అన్నాను. దసరా సెలవుల్లో ఒకసారి అడిగారు. వేసవిలో ఒకసారి అడిగారు. తర్వాత అడగడం మానేశారు. ఒంట్లో బాగోలేదని నాకు చెప్పనూ లేదు. ఆ విషయంలో ఆయన మీద కూడా కోపమే నాకు. అందరి తప్పులూ చీటీలు రాసి అంటించిన మనిషి నా తప్పు మాత్రం మొహమ్మీద ఎందుకు చెప్పలేదు? చెప్పి తిట్టి ఉంటే చేసేదాన్నేమో.

పోయిన రోజు ఆ గదిలో నిలబడితే అరల మీద అన్నీ ఉన్నాయి. మాస్టారి భార్యను మేమంతా అమ్మగారనే పిలుస్తాం. ఆమె చేతులు పట్టుకుని, “అమ్మగారూ, వీటిని ఎవరికీ ఇవ్వొద్దు. మా స్కూల్లో పెడతాం. పెద్దకర్మ రోజు ఆటో తెచ్చి తీసుకెళ్తా” అన్నాను. ఆమె ఏడుస్తూనే తలూపింది. మర్నాడు హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళాను. కూర్చోమన్నా కూర్చోలేదు. ఏం మాట్లాడానో పూర్తిగా గుర్తులేదు గానీ బీరువాకి ఒప్పుకున్నాడు. ఐదు నిమిషాలు పట్టింది. మూడేళ్ళు ఆపి, ఐదు నిమిషాల్లో చేసిన పని అది.

పెద్దకర్మ రోజు పొద్దున్నే అట్టపెట్టెలు, పాత పేపర్లు వేసుకుని ఆటోలో వెళ్ళాను. అరలన్నీ ఖాళీ. అమ్మగారు ఎదురొచ్చి, “పైన ఆరబెట్టాం తల్లీ” అంది.

డాబా మీద మిరపకాయలు ఆరబోసే పట్టా పరిచి, దాని మీద ఒక్కటీ పోకుండా అన్నీ వరసగా నిలబెట్టారు. తళతళ మెరుస్తున్నాయి. వెలాసిరాప్టర్ బోడిగా ఉంది. టైరనోసార్ పళ్ళు మళ్ళీ బయటికి వచ్చేశాయి. పక్కన టబ్బులో సర్ఫు నీళ్ళు, ఆ నీళ్ళలో ఈకలు, తడిసి ముద్దయిన కాగితం.

“ఇల్లంతా మైల గదా. పక్కలూ బట్టలూ చాకలికేశాం, గోడలు కూడా కడిగాం. మరి మైలబొమ్మల్ని బడికెట్టా పంపేది? పసిబిడ్డలు ముట్టుకునేయి. అందుకని మా చెల్లెలూ నేనూ రాత్రంతా కూర్చుని ఒక్కోదాన్ని పళ్ళు తోమే బ్రష్షుతో రుద్దాం. ఆ కాగితాలు చానా గట్టిగా అంటించాడమ్మా, వేడినీళ్ళు పోస్తే గానీ రాలా.”

ఆమె వేళ్ళు నాని ముడతలు పడి ఉన్నాయి. ఆ పదకొండు రోజులూ ఎవరెవరినో తిట్టుకుంటూ వచ్చినదాన్ని, ఈమెను ఏమని తిట్టను? నేను తీసుకెళ్తానన్నాను కాబట్టి కడిగింది. మూడేళ్ళ కిందట తీసుకెళ్ళి ఉంటే కడిగేది కాదు. ఫోను తీసి చూసుకున్నాను. ఆ గదిలో దిగిన ఫొటోలు నాలుగున్నాయి. నాలుగింట్లోనూ మా మొహాలే. బొమ్మలు వెనకాల మసగ్గా ఉన్నాయి, చీటీలు కనపడే ప్రశ్నే లేదు.

“చానా బాగా కడిగారమ్మగారూ” అన్నాను.

ఏది ఒప్పో ఏది తప్పో పుస్తకాలు చూసి నేను మళ్ళీ రాయగలను. బయాలజీ టీచర్ని, ఆ మాత్రం రాదా? కానీ ఆ రెండు వాక్యాలు రాయలేను. ఆయన ఎక్కడ నవ్వారో, ఎక్కడ తిట్టారో, ఎక్కడ తన తప్పు కూడా ఒప్పుకున్నారో నాకేం తెలుసు? గట్టిగా గుర్తుచేసుకుంటే ముప్ఫై బొమ్మల చీటీలు గుర్తొచ్చాయి. మిగతావాటికి బీరువాలో ఖాళీ చీటీలు పెడతాను. హెడ్మాస్టరు ఏదో ఒకటి రాయమన్నా రాయను. వీటి మీద ఏమీ రాయలేదేం మేడమ్ అని ఏ పిల్లవాడైనా అడిగితే, రాశారు, నేను పోగొట్టాను అని క్లాసు ముందు చెబుతాను.

పెట్టెల్లో సర్దుతుంటే నేనెప్పుడూ చూడని బొమ్మ ఒకటి చేతికొచ్చింది. పొట్టి మొహం, నెత్తిన చిన్న కొమ్ము, ఉన్నాయా లేవా అన్నట్టు రెండు బుల్లి చేతులు. రాజసారస్. నర్మద ఒడ్డున ఎముకలు దొరికిన, మన దేశపు డైనోసార్.

“అదే ఆఖరిది తల్లీ. ఆసుపత్రికి పోయే ముందు వచ్చింది. మంచంలో కూర్చుని చానాసేపు చూసి, ఏదో రాసి అంటించాడు. అమ్మాయి బీరువా పెట్టిచ్చుద్ది, ఇది ముందర వరసలో పెట్టమను అన్నాడు.”

“ఏం రాశారమ్మగారూ?”

“నేను చదవలా. నువ్వు చదువుకుంటావులే అనుకున్నా.”

దాని పాదాల కింద చూశాను. ఒక పాదానికి బ్రష్షు అందని మూల కొంచెం కాగితం మిగిలింది, ఇంకా తడి ఆరలేదు. ఎండకేసి పట్టుకున్నాను. అక్షరమేదీ లేదు. బొటనవేలితో మెల్లిగా ఒత్తి చూస్తే, నీలం సిరా కొంచెం నా వేలికి అంటింది.