పాస్టరమ్మ కొంగు సర్దుకుంటే

మా చర్చి గోడ మీద పేరుమోసిన తొలి పాస్టరుగారి ఫోటో ఉంది, ఆయన భార్యది లేదు. అది మనసుకు కష్టమనిపించి ఆమె కథ రాయడానికి కూర్చున్నాను. భర్త ప్రసంగిస్తుంటే ఆమె ముందు వరుసలో మౌనంగా ప్రార్థించేదని రాసి, ఈ రోజు విడవలూరు వెళ్లి, ఆమెను ఎరిగిన మరియమ్మవ్వకు చదివి వినిపించాను.

అవ్వ పకపకా నవ్వింది. "ప్రార్థనా పాడా! అమ్మగారు కొంగు సర్దుకుంటే చాలు, అయ్యగారు టక్కున ఆమేన్ అనేసేవారు. లేకుంటే మాకు ఆదివారం అన్నం సాయంత్రమే గదమ్మా!"

ఇంటికొచ్చి ఆ వాక్యం కొట్టేసి కొంగు సంగతి రాశాను. ఇప్పుడు ఆమె నా కళ్ల ముందు కూర్చున్నట్టుంది.

మా ఆయన మా చర్చిలో సంఘపెద్ద, ఆయనా ప్రార్థన మొదలుపెడితే ఆపరు. వచ్చే ఆదివారం నేనూ కొంగు సర్దుకుని చూస్తాను. మీ ఇళ్లల్లో ఏ సైగ పనిచేస్తుందో చెప్పండి. ఈ పోస్టు మాత్రం మీ దగ్గరే దాచుకోండి, ఆయనకు చూపించకండి.