అత్త మాటలో నేను కోసేసిన సగం

మొన్న మంగళవారం పొద్దున్న మా మేనత్త పోయింది. భావనపాడు ఒడ్డున, తాను ఆరబెట్టిన నెత్తళ్ళ చేపల పక్కనే పడిపోయిందట. అత్త కూతురు, మా వదిన, ఫోన్ చేసి "అమ్మ లేదే" అని మాత్రం అంది. అప్పుడే నేను శ్రీకాకుళంలో నా నెట్ సెంటర్ షట్టర్ పైకెత్తుతున్నాను. అదే ఫోన్లో, అత్త పేరున నేను నడిపే ఎండు చేపల పేజీకి మెసేజీలు వస్తూనే ఉన్నాయి. "అత్తగారి వీడియో సూపర్" అని ఒకరు, "మా పార్సిల్ బయల్దేరిందా" అని ఇంకొకరు.

మీలో కొందరు ఆమెను చూసే ఉంటారు. చేతుల మీద పచ్చబొట్లు, భుజం మీద తువ్వాలు, ఇసుకలో గొంతుకూర్చుని చేపలు తిరగేస్తుంటుంది. ఆ వీడియో చూసి నవ్వుకునీ ఉంటారు. మిమ్మల్నేమీ అనను, నవ్వొచ్చేలా చేసింది నేనే. ఆ సంగతి దాచి ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయడం నాకు చేతకావడం లేదు.

నా చిన్నప్పుడు అత్త తట్ట పట్టుకుని బస్సెక్కి మా ఊరొచ్చేది. బస్సులో ఎవరైనా వాసనని ముక్కు మూసుకుంటే, "మీ ఇంట్లో కూరొండుకోరేటి బాబూ?" అని అందరికీ వినపడేలా అడిగేది. అమ్మకం అయ్యాక మా గుమ్మం బయట తట్ట దించి, నాకోసం దాచిన నెత్తళ్ళలో ఒకటి తీసి నా చెవి దగ్గర విరిచేది. టప్‌మంటే బాగా ఎండినట్టు. "కన్ను మోసపోతాది గానీ సెవి మోసపోదే," అనేది. ఈ రోజుకీ నేను ఎండు చేప కొంటే చెవి దగ్గర పెట్టుకునే విరుస్తాను. కొట్టువాళ్ళు వింతగా చూస్తారు.

రెండు మాటలు ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. ఒకటి "అయిపోయింది", రెండోది "వెళ్తాను". తట్ట ఖాళీ అయితే "నిండుకున్నాది" అనేది. లేచేటప్పుడు "ఎల్లి వస్తాను" అనేది. ఫోన్ పెట్టేసేటప్పుడు "ఉంతానే" అనేది. ఇవి మనందరి ఇళ్ళలో ఉన్న మాటలే, కాకపోతే మనం మరిచిపోతుంటాం. ఆమె మరిచిపోదు. అలాగని మిగతా నమ్మకాలేవీ ఆమెకు పట్టేవి కావు. పిల్లి ఎదురొస్తే "దానికీ పనుంటాది కాదేటి" అని దాటిపోయేది. మరి ఈ మాటల దగ్గరే ఎందుకత్తా పట్టింపు అని ఒకసారి అడిగాను.

"సముద్రం పక్కన ఉన్నోలం. మన మాట ఇనేటోలు ఉంతారే," అంది. ఎవరు అని అడగబోయి మానుకున్నాను. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు.

మూడేళ్ళ క్రితం మోకాళ్ళు అరిగిపోయి తట్ట మోయడం మానేసింది. బస్సు మెట్టు ఎక్కలేని మనిషికి వ్యాపారం ఏం మిగులుతుంది? "ఇంక ఒకరి సేతిమీద బతకాల," అని మా ఇంట్లో కూర్చుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే. ఆ వారమే "అత్త ఎండు చేపలు" అని పేజీ తెరిచాను. నాకూ ఏమీ తెలియదు. నెట్లో ఉచితంగా దొరికే పాఠాలు చూసి, వెలుతురు ఎటునుంచి పడాలి, అడిగినవాళ్ళకు ఎంత తొందరగా జవాబివ్వాలి, ఏ పూట పెడితే ఎక్కువమంది చూస్తారు, ఒక్కొక్కటే నేర్చుకున్నాను. అత్త పెట్టిన షరతు ఒకటే: "అబద్దం రాయకు."

మొదట్లో సరదాగానే సాగింది. ఒకసారి సరుకు లేకపోతే ఆమె చెప్పినట్టే "నెత్తళ్ళు నిండుకున్నాయి" అని పెట్టాను. హైదరాబాదు నుంచి ఒకమ్మాయి "నిండుగా ఉన్నాయి కదా, రెండు కిలోలు పంపండి" అని రాసింది. చదివి వినిపిస్తే అత్త దగ్గొచ్చేదాకా నవ్వింది. "పాపం, ఆ గుంటకి తెలుగు నిండుకున్నాదే!"

ఆ తర్వాతే నేనొక పాఠం చూశాను. వీడియో చివర సెలవు తీసుకునే మాట ఉండకూడదట. అది వినగానే చూసేవాళ్ళు జారుకుంటారట. ముగింపు కోసేసి, చివర వచ్చి మొదటికి అతుక్కునేలా చెయ్యాలట. అప్పుడు అది తిరుగుతూనే ఉంటుంది, జనం చూస్తూనే ఉంటారు.

అత్త వీడియో "రండమ్మా, సూడండి" అని మొదలయ్యేది. చివర్లో "ఎల్లి" అని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, కష్టపడి లేచి, అప్పుడు "వస్తానమ్మా" అనేది. ఆ లేచే ఖాళీలో కోశాను. ఇంక వీడియో తిరిగినప్పుడల్లా "ఎల్లి… రండమ్మా" అని వినపడేది. సరుకు అమ్మే మనిషి కొనేవాళ్ళను సాగనంపుతోందని జనం విరగబడి నవ్వారు. ఒకరికొకరు పంపుకున్నారు. నాలుగు రోజుల్లో మాకు తెలియని ఊళ్ళ నుంచి ఆర్డర్లు వచ్చిపడ్డాయి.

అత్తకు వదిన చూపించింది. వెంటనే ఫోన్ చేసింది.

"వస్తాననే మాట ఏదే?"

"కోసేశానత్తా. అలా చేస్తేనే ఎక్కువమంది చూస్తారు."

"ఎల్లి అన్నాను. మరి వస్తానన్లేదు. నన్ను పంపించీసినావేటే?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "తీసీ," అంది. తీసేస్తాలే అన్నాను. రెండు రోజుల తర్వాత "తీసినావా?" అని అడిగింది. రేపు తీస్తానన్నాను. ఇంకో వారానికి మళ్ళీ అడిగింది. ఆ తర్వాత అడగడం మానేసింది. అడగడం మానేసింది కదా, ఒప్పుకుందనుకున్నాను. అంత తెలివి నాది.

పోయిన సోమవారం మధ్యాహ్నం ఆమే చేసింది. వెనక గాలి హోరు వినపడుతోంది.

"తూరుపు గాలి తిరిగినాది. సరుకు ఆరదు. నిండుకున్నాయని రాసీ."

"ఈ ఒక్క వారం ఓపిక పట్టత్తా. ఇప్పుడు ఆపితే పేజీ పడిపోతుంది. శనివారంలోగా పంపుతామని అందరికీ మాటిచ్చేశాను."

"ఎవులిచ్చినారు మాట?"

"నేనే."

"నా పేరు మీద ఇచ్చినావు," అంది. ఫోన్ పెట్టేసింది. "ఉంతానే" అనలేదు. అది నాకు అప్పుడే తెలిసింది. మళ్ళీ చేద్దామనుకున్నాను. ఈలోగా ఎవరో దరఖాస్తు నింపమని వచ్చారు, మరిచిపోయాను.

మర్నాడు పొద్దున్న కాస్త ఎండ పొడసూపితే, వదిన వద్దంటున్నా చేపలు ఒడ్డుకు మోయించింది. గంట తిరక్కుండా మబ్బు కమ్మింది. చేపల మీద కప్పే పట్టా లాక్కుంటూ ఆ మోకాళ్ళతో ఇసుకలో పరిగెత్తింది. గుండె ఆగిందన్నారు టెక్కలి ఆసుపత్రిలో. వదిన నన్నొక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

భావనపాడు వెళ్ళే బస్సులోనే ఆ వీడియో తీసేశాను. పేజీలో "నిండుకున్నాయి" అని రాశాను. ఆమె రాయమన్న మాట ఒక రోజు ఆలస్యంగా రాశాను.

అన్నీ అయ్యాక ఆ సాయంత్రం జనం ఒక్కొక్కరే లేచారు. చావింటి నుంచి ఎవరూ చెప్పి వెళ్ళరు కదా. వెళ్ళొస్తామంటే అలాంటి పని మీదే మళ్ళీ ఆ గడప తొక్కాల్సొస్తుందని భయం. తలలు దించుకుని మాట్లాడకుండా వాకిట్లో చెప్పులు వెతుక్కుంటున్నారు. అరుగు మీద ఎవరో దూరపు చుట్టం, అత్త ముఖం ఇంకోసారి చూసుకుందామనుకుందో ఏమో, ఫోన్లో నొక్కింది. నేను తీసేసింది నా పేజీలోనే. అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి పాకిందో నాకేం తెలుసు?

"ఎల్లి… రండమ్మా."

వాకిలంతా ఆగిపోయింది. వదిన గుమ్మంలోంచి నా వైపు చూసింది. ఆ మనిషి కంగారుగా వేలితో ఎక్కడెక్కడో నొక్కుతోంది. వీడియో మళ్ళీ తిరిగింది. అత్త మళ్ళీ చేపలు తిరగేసింది, మళ్ళీ "ఎల్లి" అంది, మళ్ళీ "రండమ్మా" అంది.

గేటు దగ్గర చెప్పులేసుకుంటున్న ఓ ముసలమ్మ, అత్తతో కలిసి తట్ట మోసిన మనిషి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగింది.

"వస్తామమ్మా," అనేసింది. అని, నోటి మీద చెయ్యి వేసుకుని అక్కడే నిలబడిపోయింది.