పళ్ల మధ్య బిరడా

మా అమ్మాయికి నాటకం నేర్పినాయన ఇంగ్లండ్ నుంచి వచ్చిన నటుడు. వయసు మళ్లాక మేముండే బాతెల్‌లో స్థిరపడి, శనివారాలు కమ్యూనిటీ హాల్లో పిల్లలకి క్లాసులు చెప్పేవాడు. నా వీసాకి ఉద్యోగం చేసే వీల్లేదు. వాలంటీర్‌గా అక్కడే ఓ మూల కూర్చుని వేషాల బట్టలు కుట్టేదాన్ని.

పిల్లలు వచ్చేలోపు ఆయన టీ తాగుతూ తన చిన్నప్పటి సంగతులు చెప్పేవాడు. తండ్రి బొగ్గుగనిలో పనిచేసేవాడట. పదిహేడో ఏట లండన్ వెళ్లి నటన స్కూల్లో చేరితే, తన గనుల ఊరి యాస విని తోటివాళ్లు పడీపడీ నవ్వారట. యాస వదలడానికి పళ్ల మధ్య సీసా బిరడా పెట్టి మాస్టర్లు రోజూ గంటసేపు పైకి చదివించేవారట. తీరా చదువయ్యాక దొరికిన మొదటి వేషం, అదే యాసలో మాట్లాడే తాగుబోతు గనికార్మికుడు.

"పదేళ్లు అవే వేషాలు. మా అమ్మ ఒక్కసారే చూడ్డానికొచ్చింది. హాలంతా నవ్వుతోంది, ఆవిడ తప్ప," అన్నాడు. ఆ మాటకి నా కళ్లు చెమర్చాయి.

అలాంటి మనిషి ఏడేళ్ల నా కూతురికి కిరాణా కొట్టు ఆవిడ వేషం ఇచ్చాడు. ఆ రోజు ఇంటికి డ్రైవ్ చేస్తుంటే అది వెనక సీట్లోంచి, "అమ్మా, నువ్ ఇంగ్లిష్ మాట్లాడేది నాకు టీచ్ చెయ్యి," అంది.

"ఎందుకే?"

"మీ మమ్మీలా మాట్లాడు, ఫన్నీగా ఉంటది అన్నారు సర్."

కార్ పక్కకి ఆపేశాను. నా మాట నవ్వులాట వస్తువని దానికి ఆ రోజు వరకూ తెలీదు.

మావారు తేలిగ్గా తీసేశారు. "పోనిద్దూ, పిల్లల నాటకమేగా! ఆఫీస్‌లో నా మాటకీ నవ్వుతారు. నేనూ నవ్వేస్తా."

"మీరు నవ్వండి. నా పిల్ల నవ్వించదు," అన్నాను.

మరుసటి శనివారం ఆయన టీ కప్పు ఎత్తకముందే అడిగాను. "బిరడా సంగతి నాకు చెప్పింది మీరేగా?"

"ఆ వేషాలే నాకు అన్నం పెట్టాయి. నవ్వితే తప్పేముంది?"

"మీ అమ్మగారు ఎందుకు నవ్వలేదు మరి?"

ఆయన ముఖం ఎర్రబడింది. "మీకిష్టం లేకపోతే చెట్టు వేషం ఉంది. దానికి మాటల్లేవు," అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. ఈయనకి బిరడా పెట్టినవాళ్లకి దాని చేదు తెలియదు. ఈయనకి తెలుసు. తెలిసీ నా పిల్ల నోటికి అందించాడు. ఒళ్లో ఉన్న కుట్టు పని మడతపెట్టాను.

"కొట్టు ఆవిడ వేషమే వేస్తుంది, దాని సొంత గొంతుతో. కాదంటే ఈ బట్టలన్నీ సగం కుట్టుతోనే ఉంటాయి."

ఆయన ఒప్పుకున్నాడు, సారీ మాత్రం చెప్పలేదు.

నాటకం రోజు అమ్మాయి తన మాటల్ని తన గొంతుతోనే తడబడకుండా చెప్పింది. కార్‌లో మూతి ముడుచుకుంది.

"నా పార్ట్‌కి ఎవ్వరూ లాఫ్ చెయ్యలేదమ్మా."

"కొట్లో సరుకులమ్మే ఆవిడే కదే. నవ్వడానికేముంది?" అన్నాను.