ఇద్దరే మిగిలిన చోట

అనకాపల్లిలో నర్సీపట్నం బస్సెక్కాను. పక్క సీట్లో ఒక పెద్దావిడ చేపల పులుసు క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బస్సంతా ఆ వాసనే. నేను నవ్వేసరికి ఆవిడే మాట కలిపింది.

ఆవిడ రిటైరైన నర్సు. తోటి నర్సులు కొందరితో కలిసి రిటైర్మెంటు డబ్బంతా ఒకేచోట వేసిందట. వచ్చే వడ్డీ అందరూ పంచుకోవాలి. ఎవరైనా పోతే వాళ్ళ వాటా మిగిలినవాళ్ళకి చెందుతుంది.

"ఇప్పుడు ఇద్దరమే మిగిలేం తల్లీ. నేనూ, మాకవరపాలెంలో మా వొదినా. దానికి తుంటి ఇరిగింది. ఆపరేషను అయినా మంచం దిగదు, తిండి తినదు. అందుకే ఈ పులుసు."

"ఆవిడ పోతే మొత్తం మీదేనా?" అనేసి నాలుక కరుచుకున్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. "మొత్తం నాదే! ఆ డబ్బెట్టుకుని నేనెవలితో దెబ్బలాడాలి సెప్పు?"

నవ్వింది గానీ, ఒళ్ళో క్యారేజీని రెండు చేతులా ఇంకా దగ్గరికి లాక్కుంది.

మాకవరపాలెం స్టాపులో వాకరు పట్టుకుని ఒక ముసలావిడ నిలబడి ఉంది. పక్కనే కోడలు కాబోలు, భుజం పట్టుకుంది.

"ఏటొదినా, మంచం దిగేవా!" అని నా పక్కావిడ కిటికీలోంచి అరిచింది.

"దిగనేటి? నా వాటా కోసం వత్తన్నావని ఊరంతా అంటన్నారు. ఇప్పుడప్పుడే సావనని సెప్పడానికొచ్చేను!"

నా పక్కావిడ గబగబా దిగి, ఆమెను వాకరుతో సహా వాటేసుకుని ఏడ్చేసింది. తర్వాత ఇద్దరూ పోట్లాడుకుంటూ, నవ్వుకుంటూ, అడుగులో అడుగేసుకుంటూ బస్సు ముందు నుంచే రోడ్డు దాటారు. డ్రైవరు హారన్ కొట్టలేదు. బస్సులో ఎవరమూ తొందరపెట్టలేదు.