చింతమడక తోవల పోయిన మిథనాల్ డబ్బా

నేను ఐదో తరగతి దాకనే చదివిన. ఫోన్‌ల తెలుగు రాసుడు కొత్త. తప్పులుంటే ఏమనుకోకుండ్రి గ్రూపుల అక్కలూ.

మా ఆయన, ఊరూరు తిరిగి మందులిచ్చే ఒక డాక్టరు సారు ఇంటిబండి నడుపుతడు. మంచం, పొయ్యి, ఫ్రిజ్ అన్ని బండిలనే ఉంటయి. ఊళ్లల్ల కరెంటు ఉండదని దాంట్ల చిన్న మిషన్ పెట్టిన్రు. మిథనాల్ పోస్తే పొగ, చప్పుడు లేకుండ బ్యాటరీ నింపుతది. ఫ్రిజ్‌ల షుగరు ఇంజెక్షన్లు ఉంటయి.

ఈరోజు చింతమడకల మిథనాల్ అయిపోయిందని, ఇంట్ల ఉన్న డబ్బా తెమ్మని ఫోన్ చేసిండు. ఆటోల పోతుంటే పోలీసులు ఆపిన్రు. తెలంగాణ కోసం కొట్లాట నడుస్తున్నది కదా, డబ్బా కనబడితే వాళ్లకు భయం.

"ఏందమ్మా గిది? పెట్రోలా? ఎవలన్న మీద పోసుకునేటందుకా?"

"సారా గావచ్చు సారూ," అన్నది పక్కనున్న ముసలవ్వ. అందరు నవ్విన్రు.

"నువ్వు చెప్పు చెల్లె. చెప్తే ఇడిసిపెడ్త," అన్నడు పోలీసాయన, మెత్తగనే.

మిషన్ సంగతి మా ఆయన ఎన్నోసార్లు చెప్పిండు. నాకంత తెలుసు. అంతమంది మగోళ్ల ముందట నోరు పెగలలేదు. డబ్బా దించుకున్నరు.

నేను పోయేసరికి బ్యాటరీ దిగి ఫ్రిజ్ ఆగింది. వేడికి మందు చెడుతదని సారు, సూదుల కోసం వచ్చి కూసున్నోళ్లందరిని వాపస్ పంపిండు. మా ఆయనకు "గుంజుకున్నరు" అనే చెప్పిన, వాళ్లడిగితే నేను చెప్పలేదన్నది దాచిన. "నువ్వేం జేస్తవ్ తియ్యి" అని ఆయనే నా కండ్లు తుడిచిండు. గదే తట్టుకోలేకపోతున్న.

మీరైతే నోరు తెరిచేటోళ్లా అక్కలూ? జవాబు రాసి, మీ ఫోన్‌లల్ల దీన్ని చెరిపేయిండ్రి. ఆయన చదవొద్దు.